సున్నా పెట్టని టేపులు

ఆ రోజు కుతాయిసిలో రెండుసార్లు కరెంటు పోయింది.
మళ్ళీ వచ్చేసరికి
స్క్రీను మీద ఫైళ్ళు ఇలా బారులు తీరి ఉన్నాయి:

టేపు 1
టేపు 10
టేపు 11
అలా 19 దాకా,
ఆ తర్వాత టేపు 2.

"ఇదెక్కడి వరుస?" అంది ఎలిసో,
కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి.
"పందొమ్మిది అయ్యాక రెండా?"

ఎలా చెప్పను,
యంత్రానికి అంకెలు వచ్చు గాని సంఖ్యలు రావని.
గుడ్డివాడు గోడ తడిమినట్టు
ఎడమ నుంచి ఒక్కో గుర్తే తడుముతుంది.
ఇక్కడ ఒకటి, అక్కడ రెండు.
ఒకటి చిన్నది, తీర్పు అయిపోయింది.
ఆ ఒకటి వెనకాల తొమ్మిది నిలబడి
చెయ్యెత్తి పిలుస్తున్నా తిరిగి చూడదు.
ఒకట్ల స్థానం, పదుల స్థానం అని
దాని చెవి మెలేసి చెప్పిన పంతులమ్మ లేదు.

హెడ్‌ఫోన్లు పెట్టుకుని
ఆ తప్పుడు వరుసలోనే విన్నాను.

ఒకటిలో సెవారియోన్ తాత,
రియోని నది మీద దుంగల తెప్పలు నడిపినవాడు,
గొంతు సవరించుకుని తన పేరు చెప్పాడు.
పదిలో, భార్యని మట్టిలో పెట్టి వచ్చాడు.
పదకొండు నుంచి పందొమ్మిది దాకా
దగ్గు, గోడ గడియారం,
ఎప్పుడో ఒక వాక్యం.
అప్పుడొచ్చింది రెండు.
పెళ్ళినాటి వాన గురించి ఆయన గొప్పగా చెబుతుంటే
వంటింట్లోంచి ఆవిడ గొంతు:
"అబద్ధాలాడకు. ఆ రోజు చినుకు కూడా పడలేదు."

నేను పాజ్ నొక్కాను.

ఈ లెక్కన చిట్టచివరిది టేపు 9.
అందులో ఆవిడ టీ గ్లాసులు సర్దుతూ
"రేపు కూడా వస్తారుగా?" అని అడుగుతుంది.
అక్కడితో కథ అయిపోతుంది.
తప్పే గాని, ఎంత దయగల తప్పు.

"సులువైన దారి ఉంది," అన్నాను ఎలిసోతో.
"ఒకటి నుంచి తొమ్మిది దాకా ముందొక సున్నా తగిలిస్తే చాలు.
01, 02. రెండు నిమిషాల పని."

ఆవిడ మాట్లాడకుండా పెట్టె తెచ్చి మూత తీసింది.
తొమ్మిది లేబుళ్ళు టైపు కొట్టినవి,
ఒకే రోజున, ఒకే ఇంకుతో.
పది నుంచి ఊదారంగు పెన్సిల్,
ఇరుకులో కుక్కిన సున్నా.

"రికార్డు చేసింది మా మేనమామ.
డాక్టరు తాతకి నెల గడువిచ్చాడు.
వారానికి రెండు టేపులు, మహా అయితే తొమ్మిది.
రెండో అంకెకి చోటెందుకు అనుకున్నారు.
గుండ్రాయిలా ఉన్న ఆవిడ వెళ్ళిపోయింది.
ఈయన ఇరవై మూడు దాకా మాట్లాడాడు.
ఇప్పుడు నువ్వు సున్నా పెడితే,
ముందే అన్నీ తెలిసినట్టుంటుంది మాకు."

సరే. పేర్లు ముట్టుకోలేదు.
పోల్చే పద్ధతినే మార్చడానికి కూర్చున్నాను.
అక్షరాలొస్తే అక్షరాలుగా చూడు.
అంకె తగిలితే ఆగు,
దాని పక్కనున్న అంకెలన్నిటినీ పోగుచేసి
ఒక్క సంఖ్యగా తూచు.
7 తర్వాత 7క.
ఎవరో నకలు తీసి 07 అని రాసినది ఒకటి దొరికింది.
విలువ ఒకటే, ఏది ముందు?
సున్నా లేనిదే ముందు అని రాశాను.
కారణం అడిగే కోర్టు ఏదీ లేదు.

నడిపాను.
తొమ్మిది కింద పది వచ్చి కూర్చుంది.
"రేపు కూడా వస్తారుగా?"
దాని కిందే మట్టి.
సరైన వరుస ఇదే. మళ్ళీ వినలేదు.

ఎలిసో కిందిదాకా చూసి అడిగింది:
"వంద దాటినా పనిచేస్తుందా?"
"వెయ్యి దాటినా."

"అయితే రేపు మా అత్త దగ్గరికి వెళతాను," అంటూ
అలమరలోంచి కొత్త పెట్టె తీసింది.
ఖాళీ లేబులు మీద 1 వేసి,
పెన్ను పైకెత్తి,
పక్కనున్న తెల్ల కాగితం వైపు
చాలాసేపు చూసింది.